వెనక చించిన చొక్కా

ఆఫీసు గుమాస్తా మూడింటికి రమ్మన్నాడు. అప్పటిదాకా చలిలో వణకడమెందుకని మరిది వదినను ఎదురుగా ఉన్న మ్యూజియంకి తీసుకొచ్చాడు. దేవుళ్ల బొమ్మలకు పేరుమోసిన చోటది. ఎక్కడెక్కడి జనమో పనిగట్టుకుని వచ్చి చూస్తారు. అతను ఈ ఊళ్లో ఎనిమిదేళ్లుగా వ్యాను తోలుతున్నాడు గానీ ఏనాడూ ఆ గడప తొక్కలేదు. ఇవాళ తొక్కింది కూడా భక్తితో కాదు, వదినకు ఎదురుగా ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చోలేక.

ఆమె ఈ దేశం వచ్చింది మొగుడి శవం కోసం. దాన్ని ఇంటికి పంపే కాగితాలు ఇచ్చేది ఆ ఆఫీసే. భవనాల పనికి వచ్చినవాడు ఆరో అంతస్తు నుంచి పడిపోయాడు. మొన్న ఆస్పత్రిలో మరిది అన్న మొహం ఒక్కసారి చూశాడు. రెండోసారి చూసే ధైర్యం లేక, పెట్టె మూసేయమని సంతకం పెట్టేశాడు. సీలు వేశాక ఇక తెరిచేది లేదని ఆస్పత్రివాళ్లు రెండుసార్లు చెప్పారు. ఆ ముక్క వదినకు విమానం దిగగానే చెబుదామనుకున్నాడు. అన్నం తిన్నాక అనుకున్నాడు. ఇప్పుడేమో బొమ్మలు చూశాక అనుకుంటున్నాడు. పిరికివాడికి ముహూర్తాలకేం కొదవ!

ఆమె దర్జీ పని చేస్తుంది. మొగుడికి తన చేత్తో తొడగాలని, కొలతలు కంఠతా వచ్చినవే కనుక, రాత్రికి రాత్రి కొత్త చొక్కా కుట్టి సంచిలో పెట్టుకొచ్చింది. వాకిట్లో కాపలావాడు సంచి వెతికి, చిన్న కత్తెర తీసుకుని టోకెను ఇచ్చాడు. చొక్కా మీద చెయ్యి వేయబోతే మాత్రం ఆమె లాగేసుకుంది.

హాళ్లన్నీ చూసీ చూడనట్టు దాటి ఒక చెక్క బొమ్మ దగ్గర ఆగిపోయింది. తల్లి ఒళ్లో చనిపోయిన కొడుకు. జనమంతా తల్లి మొహం చూస్తున్నారు. ఈమె చూపు కొడుకు భుజం మీదా, వేలాడే చేతి మీదా ఉంది.

"మీ అన్న చేతులు ఇలా కూడా వంగవు కదా," అంది. "మామూలుగా తొడిగితే ఎక్కదు. చొక్కా వెనక చీల్చి ముందు నుంచి వేయాలి."

చెప్పాల్సింది అప్పుడే. అతను బొమ్మ కింద రాసింది చదువుతున్నట్టు వంగాడు. ఆమె బెంచీ మీద కూర్చుని, చొక్కా ఒళ్లో పరుచుకుని, కింది అంచు పంటితో కొరికి మెడదాకా బరబరా చించింది. ఆ చప్పుడుకు హాలంతా ఇటు తిరిగింది. కాలరు సంగతి కత్తెర చేతికొచ్చాక చూసుకుంటానంటూ మడత పెట్టబోయింది.

"వదినా, పెట్టె మూసేశారు. ఇక తెరవరు. నేనే సంతకం పెట్టాను."

మడత సగంలో ఆగింది.

"నువ్వు చూశావా ఆయన్ని?"

"చూశాను."

"నన్ను అడగాలనిపించలేదా?"

చూస్తే తట్టుకోలేవనుకున్నానని గొణిగాడు.

"తట్టుకోలేనిది నువ్వు," అంది.

తిట్టలేదు, ఏడవలేదు. నాలుగు తిడితే బాగుండునని అతనికి అనిపించింది. మూడు కావస్తుండగా ఆమె లేచి వెళ్లి, టోకెను ఇచ్చి కత్తెర తీసుకుంది. అక్కడే నిలబడి ఆ చొక్కా స్వెట్టరు మీద తొడుక్కుని, ఒక్కో బొత్తామే పెట్టుకుంది. చొక్కా చేతులు ఆమె వేళ్లు దాటి వేలాడాయి.

ఆమె ముందు నడిచింది. పక్కన నడిచే మొహం లేక అతను వెనకబడ్డాడు. గాలి వీచినప్పుడల్లా వీపు మీద చొక్కా రెండుగా విడిపోతోంది. ఆఫీసు మెట్లదాకా అతను దాన్ని చూస్తూనే నడిచాడు.