ఇతర సమస్యలు

పెద్దమ్మ వేళ్ళను మొదట చూసింది నేనే. రాత్రి షిఫ్టు ముగించుకుని మెట్లెక్కి వస్తుంటే, మూడో అంతస్తు వరండాలో మూసిన తలుపు కింది సందులోంచి నాలుగు వేళ్ళు బయటికి వచ్చి గచ్చును తడుతున్నాయి. బొత్తాలు కుట్టి కుట్టి సూదిపోట్లు పడ్డ వేళ్ళు. వంగి "ఎవరూ?" అన్నాను.

"ఎవరేంట్రా, నేనే. కోడలు పనికెళ్ళిన కాణ్నుంచీ తలుపు తెరుచుకోవట్లేదు. ఆయాసంగా ఉంది."

తాళం మీద ఎర్ర దీపం వెలుగుతోంది. గుంజాను, తన్నాను. ఇనప తలుపు, కదల్లేదు.

మాది మిల్లు పనివాళ్ళు అద్దెకుండే ఇల్లు; ఆ ముసలావిడ అందరికీ పెద్దమ్మే. పాత యజమాని ఉన్నప్పుడు వాణ్ని నోరారా తిట్టేవాళ్ళం, వాడూ మమ్మల్ని తిట్టేవాడు. ఇల్లు కంపెనీకి అమ్మేసి వాడు పోయాక మాకు తిట్టుకోవడానికి కూడా మనిషి లేకుండా పోయాడు. కంపెనీ తాళంచెవులు పట్టుకుపోయి, ప్రతి తలుపుకీ ఫోనుతో తెరుచుకునే తాళం బిగించింది. దానికి ఈ ఊళ్ళో ఆఫీసు లేదు. ఫోను నెంబరు లేదు. ఏ బాధ వచ్చినా యాప్‌లో 'సహాయం' అన్న చోట రాసుకోవాలి. మెట్ల దగ్గర మాత్రం ఒక నోటీసు అంటించి పోయారు. తాళం పాడుచేస్తే ఆ అంతస్తులో వాళ్ళంతా ఖాళీ చేయాలట.

కబురందుకుని కోడలు మిల్లు నుంచి పరుగెత్తుకొచ్చింది. జుట్టునిండా దూది. ఇంట్లో మందు అయిపోయిందని తెలుసు కాబట్టి దారిలో ఆస్పత్రి దగ్గర ఆగి, పీల్చే మందు డబ్బా తెచ్చింది. తలుపు కింద పెట్టి చూస్తే సందులో పట్టలేదు. తన ఫోను తాళానికి ఆనించింది. 'మీ ఖాతా పరిశీలనలో ఉంది' అని వచ్చింది.

"ఏం పరిశీలన? నేనేం చేశాను?" అంది కోడలు. ఎవరినని అడుగుతుంది?

పై అంతస్తులో ఉండే కాలేజీ అమ్మాయి కోడలి ఫోను తీసుకుని 'సహాయం' తెరిచింది. ఓ నలుగురం ఆమె భుజాల మీదుగా తొంగి చూశాం. మీ సమస్య ఏమిటి, ఎంచుకోండి అని ఉంది. అద్దె చెల్లింపు. యాప్ నెమ్మదిగా ఉంది. తాళం శబ్దం మార్చుకోవాలి. ఇతర సమస్యలు. లోపల మనిషి చిక్కుకుపోయిందని చెప్పుకునే చోటు ఎక్కడా లేదు. 'ఇతర సమస్యలు' నొక్కి, లోపల ముసలమ్మ ఉంది, ఊపిరాడడం లేదు అని రాసింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఖాతా పరిశీలన ముగిసేవరకు ఓపిక పట్టగలరు, ఇంకేమైనా సమస్య ఉంటే ఎంచుకోండి అని జవాబు. మళ్ళీ అవే మాటలు వరసగా ప్రత్యక్షం. తన సొంత ఫోను నుంచి రాసింది. ఆ గది మీది కాదు, ఇతరుల గోప్యతను గౌరవించండి అని యాప్ బుద్ధి చెప్పింది.

"ముసల్ది లోపలుందని చెప్పవే వాళ్ళకి," అంది తలుపు వెనక పెద్దమ్మ.

"చెప్తూనే ఉన్నాను అత్తయ్యా. వినట్లేదు."

"చెవుడా?"

"చెవులే లేవు."

పెద్దమ్మ నవ్వబోయి దగ్గులో పడింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. కోడలు నేల మీద బోర్లా పడుకుని ఆ వేళ్ళను తన వేళ్ళతో పట్టుకుంది.

పోలీసులకు ఫోను చేశాం. అది కంపెనీ ఆస్తి, వాళ్ళ నుంచి ఒక్క మాట రానివ్వండి అన్నారు. అంబులెన్సుకు చేశాం. తలుపు తీయించి చెప్పండి, బండి పంపిస్తాం అన్నారు. కాళ్ళావేళ్ళా పడదామన్నా ఈ కంపెనీకి కాళ్ళెక్కడున్నాయి?

అప్పటికి వరండా నిండిపోయింది. షిఫ్టు దిగినవాళ్ళు, ఎక్కాల్సినవాళ్ళు, చంకన బిడ్డల్నేసుకున్న తల్లులు.

"పగలగొడదాం," అన్నాను.

"నీకేం, ఒంటిగాడివి," అన్నాడు ఎదురుగది బాబాయి. వైరింగు పని చేస్తాడు, ఇంట్లో నెలల బిడ్డ. "నోటీసు చదివావా? రేపు మమ్మల్నందర్నీ గెంటేస్తే ఎక్కడికి పోమంటావ్?"

"వేరే ఇల్లు చూసుకుందాం."

"ఏ ఇల్లు? ఈ వీధి చూశావా, ఆ పక్క వీధి చూశావా? అన్ని తలుపులకీ వాడి తాళమే. ఇక్కడ పేరు కొట్టేస్తే మరో చోట తలుపు తెరుచుకోదు."

నాకు ఒళ్ళు మండింది. కానీ అతను చెప్పింది నిజం. బయట నిలబడ్డామే గానీ మేమూ ఆ తలుపు వెనకే ఉన్నాం.

"అందరం సంతకాలు పెడదాం," అంది కాలేజీ అమ్మాయి.

"పెట్టి ఎవరికిస్తావ్ తల్లీ? తలుపుకా?" అని ఎవరో ఆవిడ కసిరింది. అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. ఒకరు పోలీసులకు మళ్ళీ చేద్దామన్నారు. ఒకరు మిల్లు మేనేజరు కాళ్ళు పట్టుకుందామన్నారు. గొంతులు పెరిగాయి. కంపెనీ మీద కోపం ఒకరి మీద ఒకరం చూపించుకుంటున్నాం.

"మాట్లాడకండి!" కోడలు అరిచింది. "అత్తయ్యా? అత్తయ్యా?"

వేళ్ళు కదలడం లేదు. చప్పుడు లేదు.

కోడలు లేచి నిలబడింది. "సుత్తి ఎవరి దగ్గరుంది?"

అందరి చూపూ బాబాయి వైపు తిరిగింది. అతను తల దించుకుని గదిలోకి పోయాడు. తలుపేసుకుంటాడనుకున్నాను. పెద్ద సుత్తి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "నా వల్ల కాదమ్మా, బిడ్డున్నాడు. నేనిచ్చానని చెప్పకు," అన్నాడు.

ఆమె కొట్టింది. చెవులు చిల్లులు పడేలా తాళం కూత పెట్టింది. మళ్ళీ మళ్ళీ కొడితే ఊడి గచ్చు మీద పడింది. పెద్దమ్మ గుమ్మానికి ఆనుకునే ఒరిగిపోయి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. మందు డబ్బా నోట్లో పెట్టి నొక్కాం. ఛాతీ ఒకసారి ఎగిసింది. కాసేపటికి ఇంకోసారి. తలుపు తీశామని అంబులెన్సుకు చెప్పి, ఆవిణ్ని కుర్చీలో కూర్చోబెట్టి దించుతుంటే కళ్ళు తెరిచింది.

"తాళం ఎవరు పగలగొట్టారే?"

"నేనే అత్తయ్యా."

"నోటీసు చదవలేదూ?" అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మేం వీధిలోకి దిగామో లేదో, అంబులెన్సు కంటే ముందే రెండు బండ్లు వచ్చి ఆగాయి. ఒకటి పోలీసులది. రెండో దాంట్లోంచి నలగని చొక్కా వేసుకున్న మనిషి దిగాడు. కంపెనీ మనిషి! ఇన్నాళ్ళలో మేం చూసిన మొదటివాడు.

"తాళం మీద దాడి జరిగినట్టు మాకు సందేశం వచ్చింది," అన్నాడు.

"లోపల మనిషి చచ్చిపోతోందని పొద్దుట్నుంచీ రాస్తున్నాం. అది రాలేదా?" అని అడిగింది కోడలు.

"అది వేరే విభాగం అమ్మా."

"ఆ విభాగంలో ఎవరుంటారు?"

అతను నసిగాడు. "మనుషులుండరు. మిషనే చూసుకుంటుంది."

అంబులెన్సు వచ్చి పెద్దమ్మను ఎక్కించుకుంది. కాలేజీ అమ్మాయి తోడెళ్ళింది. కోడల్ని పోలీసులు ఎక్కనివ్వలేదు. కొట్టిందెవరని పోలీసాయన అడిగితే నేనేనని ముందుకొచ్చింది. సుత్తి ఎక్కడిదంటే దొరికిందంది. చెయ్యి పట్టి లాక్కెళుతుంటే కంపెనీ మనిషి ముందు ఆగింది.

"నీ నెంబరియ్యి. ఈసారి ఎవరికైనా ఇలా అయితే చేస్తారు."

"బయటివాళ్ళకి ఇచ్చే నెంబరు మాకు లేదమ్మా."

ఆమె మా వైపు తిరిగింది. "ఇందాక ఒక్క తాళం పగిలితే పరుగెత్తుకొచ్చాడు. చూశారుగా, ఎలా పిలవాలో."

ఆమెను బండి ఎక్కించి, కంపెనీ మనిషి కోసం కిందే ఆగారు. అతను పగిలిన తాళాన్ని ఫొటో తీయడానికి మా వెంటే పైకొచ్చాడు. ఈ అంతస్తు ఎప్పటికి ఖాళీ చేస్తారని అడిగాడు. బాబాయి అతని వైపు చూడలేదు. గుమ్మంలో పడున్న సుత్తి తీసుకుని తన గది ముందుకు పోయి, "బిడ్డ చెవులు మూసి బయటికి తీసుకురా," అని భార్యకు చెప్పాడు. ఆవిడ వచ్చి పక్కన నిలబడింది.

దెబ్బ పడింది. తాళం కూసింది. కంపెనీ మనిషి జేబులో ఫోను మోగింది.

సుత్తి నేనందుకున్నాను. నా తాళం నేను కొట్టాను. ఫోను మళ్ళీ మోగింది. నా చేతిలోంచి దాన్ని ఇందాక కసిరిన ఆవిడ లాక్కుంది. పై అంతస్తువాళ్ళు రోకలి తెచ్చుకున్నారు. ఆ ఫోను ఇక ఆగలేదు.

"ఆపండి! ఏం కావాలి మీకు? చెప్పండి, వింటాను!" అని అరిచాడతను.

పొద్దుట్నుంచీ ఆ మాట కోసమే కదా అరిచి చచ్చాం.

"ముందు ఆ కోడలు పిల్లని పోలీసు బండి దింపించు," అన్నాడు బాబాయి. వెనక దెబ్బలు పడుతూనే ఉన్నాయి.