తలుపు కింద రబ్బరు పట్టీ

ఆ ఇంట్లో అందరికంటే చివర స్నానం చేసేది అక్క. అందరూ అంటే ఎంతమందో అనుకునేరు, ఇద్దరే. బస్సు నడిపే తమ్ముడు ముందు కానిచ్చేస్తాడు, తర్వాత తీరిగ్గా ఆవిడ. అద్దం కనపడనంత ఆవిరి పట్టాక, సబ్బు రుద్దుకుంటూ రోజూ ఒకటే మాట పైకే అనుకునేది. "వస్తాను. తప్పకుండా వస్తాను."

ఆ స్నానాల గదిలో అన్న మాట ఆవిరితో కలిసి పైకప్పుకు పట్టుకుంటుంది. అక్కడున్నంతసేపూ వినపడదు. ఎగ్జాస్ట్ ఫ్యాను లాగి బయట సందులో పడేసినప్పుడే వినపడుతుంది. నాన్న ఉన్న రోజుల్లో ఆయన తన ఆఫీసర్ని తిట్టుకున్న తిట్లన్నీ ఎదురింటి అత్తయ్య బట్టలారేసుకుంటూ వినేది. "ఇవాళ మీ నాన్న కాస్త మెత్తబడ్డాడే" అని అక్కతో చెప్పి లోపలికి పోయేది.

అక్క మాట మాత్రం సందులో పడకూడనిది. నాటకాల వాళ్ళకు బట్టలు కుట్టే పెద్ద టైలరు ఆవిడ చేతిపని చూసి, తన ఊళ్ళో కొట్టుకు రమ్మన్నాడు. ఏళ్ళ తరబడి ప్యాంటు అంచులు మడిచి కుట్టి విసిగిన మనిషికి రాజుల దుస్తులూ రాక్షసుల తోకలూ కుట్టే పని. ప్రాణం లేచొచ్చింది. కానీ తమ్ముడో? మీసాలు నెరుస్తున్నా ఆవిడకి వాడింకా చంటాడే. అమ్మ పోతూ పోతూ "వీణ్ణి చూసుకోవే" అని చేతిలో పెట్టి పోయింది. అందుకని బయట నోరు మెదపలేదు. తమ్ముడు ఇంట్లో ఉండే సెలవు రోజున ఆవిరితో పాటు మాట హాల్లోకి పాకి వినపడుతుందేమోనని తలుపు కింద ఖాళీకి రబ్బరు పట్టీ కూడా అతికించింది. అప్పటినుంచీ ఫ్యాను ఊరికే తిరగడమే తప్ప లాగడం మానేసింది. ఆవిడకీ కావలసింది అదే.

పెద్ద టైలరు ఆఖరి జవాబు కోసం వస్తానన్న రోజునే తమ్ముడికి సెలవు పడింది. రానని చెప్పేయాలని అక్క మనసు రాయి చేసుకుంది. తమ్ముడేమో స్టూలెక్కి ఫ్యాను ఊడదీశాడు.

"పైకప్పు నల్లబడుతోందక్కా. తువ్వాళ్ళు కంపు కొడుతున్నాయి."

"పోనీలేరా. అంత కొంప మునిగిందేముంది?"

వాడు వింటేగా. రెక్కలకు పట్టిన బూజు బ్రష్షుతో దులిపాడు, ఇరుసుకి నూనె చుక్క వేశాడు, మళ్ళీ బిగించాడు. జాలీకి కాగితం ముక్క ఆనించి చూశాడు. లాగితే అంటుకోవాలి. అది జారి బకెట్లో పడింది.

"మోటారు బంగారంలా ఉంది. మరి దీనికేం రోగం?" అంటూ గదంతా కలియజూసి, తలుపు దగ్గర ఆగాడు. "ఈ పట్టీ ఎవరు వేశారు?"

"బొద్దింకలొస్తున్నాయని నేనే."

"గదిని డబ్బాలా బిగించేస్తే అదెక్కణ్ణుంచి లాగుతుందక్కా? లోపలికి గాలొస్తేనే కదా బయటికి పోయేది."

అంతలో కింద సందులోంచి పిలుపు. పెద్ద టైలరుకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కడు. "ఏమ్మా, ఏమంటావు?"

అక్క వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది. గొంతు సవరించుకుంది. "అదేనండీ, నేను..." అనేలోగా తమ్ముడు పట్టీ పీకి స్విచ్చు వేశాడు.

గోడలోని ఫ్యాను గొట్టం ఆవిడ గొంతుతోనే అందుకుంది. "వస్తాను. తప్పకుండా వస్తాను. నాకూ వెళ్ళాలనుంది. వాడితో ఎలా చెప్పను? వస్తాను."

"ఆపరా, ముందు ఆ స్విచ్చు ఆపు" అంటూ పరిగెత్తింది. తమ్ముడు అప్పటికే మళ్ళీ స్టూలెక్కాడు. ప్రతి మాటా వాడి చెవిని రాసుకుంటూ పోతోంది. ఫ్యానుకి బయటివైపున్న మూత రేకులు జిడ్డుకి పూర్తిగా తెరుచుకోక కొన్ని మాటలు అక్కడే తడబడుతున్నాయి. వాడు జాలీ అంచులోంచి రెక్కలకు తగలకుండా స్క్రూడ్రైవరు దూర్చి, చివరి మాట వెళ్ళేదాకా ఆ రేకుల్ని ఎత్తి పట్టుకున్నాడు.

"అలాగేనమ్మా," అని కింద నుంచి వినపడింది. "సోమవారం బండి పంపిస్తాను. మిషను సర్దిపెట్టుకో."

అక్కకి ఏడుపొచ్చింది. సిగ్గుతో కొంత, బరువు దిగినందుకు కొంత. "నేను పోతే నిన్నెవరు చూస్తారురా?"

తమ్ముడు దిగి, తలకంటిన బూజు దులుపుకున్నాడు. ఆవిడ మొహంలోకి చూడలేక స్టూలు కేసి చూస్తూ అన్నాడు.

"చొక్కాకి గుండీ కుట్టుకోవడం ఒక్కటీ నేర్పి వెళ్ళక్కా. మిగతావన్నీ నాకెప్పుడో వచ్చు. నువ్వు చేసిపెడుతుంటే హాయిగా ఉండేది, అందుకే చెప్పలేదు."