ఊరికే ఇచ్చిన ఆట

మా అక్క డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పన్ను నోట్లో కుదరదు కాబట్టి, ప్రపంచమంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉందని తన నమ్మకం. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాను. గేర్లున్నా లేకపోయినా బండి ఇంటికి చేరితే చాలనుకునే రకం. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం టీవీ ముందు కూర్చుని, వీడియో గేమ్‌లో బొమ్మల చేత ఒకరినొకరం చితక్కొట్టించుకుంటున్నాం. గొడవ కూడా పద్దెనిమిదేళ్ళుగా ఒక్కటే.

అక్క బొమ్మకి ఎగిరి గుద్దే దెబ్బ ఒకటుంది. జాయ్‌స్టిక్‌ని ముందుకి, కిందికి, ఆ రెండింటి మధ్య మూలకి రెప్పపాటులో తిప్పి బటన్ నొక్కాలి. అలా తిప్పగలగడంలోనే ఆటంతా ఉందని అక్క. ఎదుటివాళ్ళు ఏం చేయబోతున్నారో పసిగట్టడమే ఆట, మిగతాదంతా వేళ్ళకి వ్యాయామం అని నేను. మా బావ ఎవరి పక్షానా మాట్లాడడు, అందుకని ఇద్దరి చేతా చీవాట్లు తింటాడు.

మొన్న వేసవిలో అక్క ఎడమ మణికట్టుకి ఆపరేషన్ అయింది. ల్యాబ్‌లో పని చేసుకోగలుగుతోంది కానీ, జాయ్‌స్టిక్ దగ్గరే చెయ్యి మాట వినడం లేదు. పదిసార్లు తిప్పితే నాలుగుసార్లు పడుతోంది దెబ్బ. మూడు ఆదివారాలు చూసి, ఇక ఆడనని జాయ్‌స్టిక్‌ని అట్టపెట్టెలో సర్ది, అటక మీద పడేయమని బావకి చెప్పింది. బావ పెట్టెని తలుపు పక్కన పెట్టి నాకు ఫోన్ చేశాడు. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. ఆ ఆట లేకపోతే మేము బాగున్నావా అంటే బాగున్నావా అనుకునే మామూలు అక్కాచెల్లెళ్ళం అయిపోతాం.

కొత్తగా వచ్చిన ఆటలో ఈజీ మోడ్ ఉంది. తిప్పే పని లేదు, ఒక్క బటన్ నొక్కితే ఆ దెబ్బ పడిపోతుంది. కొని పట్టుకెళ్ళాను. బతిమాలితే అక్క కూర్చుంది, వరుసగా నాలుగు ఆటలు గెలిచింది, ఆవలించింది. వాదనలో నేనే నెగ్గాననుకుని, చూశావా, వేళ్ళతో పనేముంది అన్నాను.

"నేను తప్పుతానేమోనని చూడటం మానేశావు నువ్వు," అంది అక్క. "ఇదివరకు పడుతుందో లేదోనని ఊపిరి బిగబట్టేదానివి. ఒక్కోసారి తెగించి ముందుకొచ్చేదానివి. ఇప్పుడు దూరంగా జరిగి నించుంటున్నావు, అంతే."

ఈజీ మోడ్ తీసేసి పాత పద్ధతిలో ఒక్క ఆట ఆడతానని, తను ఓడితే పెట్టె అటకెక్కాల్సిందేనని చెప్పింది.

దాంతో నేను ఏ చెల్లెలైనా చేసే పనే చేశాను. ఆఖర్న, ఇంకొక్క దెబ్బకి అక్క బొమ్మ పడిపోతుందనగా, వరసగా కొడుతున్న దెబ్బల్లో మధ్యలో ఒకటి తప్పాను. కావాలనే. చిరాకు పడ్డట్టు నాలుక కూడా కొరుక్కున్నాను. అక్క బొమ్మ ఎగిరి గుద్దింది, గెలిచింది.

అక్క తెర వంక చూడలేదు. నా చేతి వంక చూస్తూ, నీ బొమ్మ ఏ వైపుంది అని అడిగింది. ఎడమవైపు అన్నాను.

"కుడివైపుంటే అన్నీ తిరగేసి తిప్పాలి కాబట్టి తడబడతావు. అదీ మూడో దెబ్బ దగ్గరే. ఎడమవైపున నువ్వు ఒక్కసారి కూడా తప్పలేదు. నీ తప్పులు నాకు తెలియవా?" జాయ్‌స్టిక్ కింద పెట్టేసింది. "నా చెయ్యి ఇలా అయినందుకు కాదే. నువ్వు ఊరికే ఇచ్చావు చూడు, అందుకు ఏడుపొస్తోంది."

సిగ్గుతో చచ్చిపోయాను. వేళ్ళలో ఏముందని ఇన్నేళ్ళు వాదించినదాన్ని నా వేళ్ళే పట్టిచ్చాయి. నేనెలా గెలుస్తానో చాలామందికి తెలుసు. ఎలా తప్పుతానో ఈ లోకంలో అక్క ఒక్కదానికే తెలుసు. క్షమించమన్నాను. ఆ ఆట లెక్కలోకి రాదు, మళ్ళీ కూర్చోమంది.

ఈసారి కనికరం చూపించలేదు. అక్క చెయ్యి ఎక్కడ ఆలస్యమవుతోందో కనిపెట్టి సరిగ్గా అక్కడే కొట్టాను. నేను కనిపెట్టానని మూడో ఆటకల్లా అక్క కనిపెట్టేసింది. తిప్పబోయి తడబడినట్టు నటించి, నేను ముందుకి దూకగానే తన్నడం మొదలుపెట్టింది. రెండుసార్లు బోర్లా పడ్డాను. అయినా ఆరు ఆటలూ నావే.

బావ వచ్చి ఎవరు గెలిచారని అడిగాడు.

"ఆరూ ఓడిపోయాను," అంది అక్క, మొహం వెలిగిపోతుండగా. "ఒక్కటి కూడా ఊరికే ఇవ్వలేదు ఇది."