ఎదుటి బొమ్మకి గాజుకళ్లు

నేను ఒక దిష్టిబొమ్మని. నవ్వకండి, మీ ఇల్లు కట్టేటప్పుడూ నాలాంటివాణ్ణి వేలాడదీసే ఉంటారు. చిల్లుకుండ నా తల, గడ్డి నా పొట్ట, అనకాపల్లి తాపీమేస్త్రి నూకరాజు చిరిగిన చొక్కా నా ఒళ్లు. కుట్టింది ఆయన పెళ్లాం గైరమ్మ. మసితో మీసాలు దిద్ది, బారెడు ఎర్ర నాలుక పెట్టింది.

కలిసొచ్చానని, ఒక ఇంటి గృహప్రవేశం కాగానే నన్ను విప్పి తర్వాతి ఇంటికి కట్టేవాడు మేస్త్రి. అలా నలభై ఇళ్లు. ఒక్క తాపీతో మొదలైనవాడు ముప్పైమందికి పని చూపించే కాంట్రాక్టరయ్యాడు. కిటుకేం లేదు. స్లాబు పోశాక ఇరవైఒక్క రోజులు నిండందే కింద ఆనించిన కర్ర కదపనివ్వడు. జనం మాత్రం అంతా నా మహిమే అనేవారు. నేనూ నమ్మేశాను.

అంతలో మేం కడుతున్న ఇంటికి ఎదుటి స్థలంలో బంగార్రాజు అనే కొత్త మేస్త్రి పని మొదలెట్టాడు. వాడి బొమ్మకి గాజుకళ్లు! జరీ తలపాగా! దారినపోయేవాళ్లంతా దాన్నే చూస్తున్నారు. ఊరి కుళ్లంతా మింగాల్సిన నాకే కడుపు మండిపోయింది. పోనీ మా మేస్త్రి తక్కువా? రోజుకి పదిసార్లు అటే చూపు.

మా స్లాబు పోసిన పదకొండో రోజున ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒరే దాలయ్యా, రేపు పొద్దున్నే కర్రలు పీకించు. ఆడు అప్పుడే రెండో స్లాబు ఏసేత్తన్నాడు!"

సెంట్రింగ్ పని చూసే దాలయ్య తల గోక్కున్నాడు. "ఇంకా పచ్చిగుంది మేస్త్రీ. కూలితే మనోళ్ల మీదే పడతాది."

"నాకే పాఠాలు సెప్తన్నావేటి? పీకమంటే పీకు."

క్యారేజీ తెచ్చిన గైరమ్మ అంతా విన్నది. చీర కొంగు దోపి, నిచ్చెనెక్కి నన్ను విప్పింది.

మర్నాడు మేస్త్రి స్లాబు కిందికి వచ్చేసరికి మొదటి కర్రకే వేలాడుతున్నాను. ఆయన పాత చొక్కాలో, ఆయన మొహానికి మొహం పెట్టి, నాలుక చాపి.

"ఇదేటే, బొమ్మని లోపల కట్టినావు?"

"కుళ్లు ఈదిలోంచి వచ్చినన్నాళ్లూ బయట కట్టినాం మావా. ఇప్పుడు లోపల్నించే వత్తంది కదా."

దాలయ్య అటు తిరిగి నవ్వుకున్నాడు. మేస్త్రి చాలాసేపు నా చొక్కా బొత్తాన్ని తిప్పుతూ నిలబడ్డాడు. ఆఖరికి, "స్లాబు తడపండ్రా, ఇంకా తొమ్మిదిరోజులుంది" అని గొణిగి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను ఆయన ఆఫీసుగదిలో, ఆయన కుర్చీకి ఎదురుగా ఉంటున్నాను. ఆయనకి బుద్ధొచ్చింది. నాకే రాలేదు. మొన్న గాలివానకి బంగార్రాజు బొమ్మ గాజుకన్ను ఒకటి ఊడి కాలవలో పడిందట. ఒట్టు, నేనేం చెయ్యలేదు. ఆ రోజు గైరమ్మ నన్ను విప్పి దింపేటప్పుడు ఒక్కసారి అటు చూశానంతే.