రెండో శాలువా

"చారుల జర మిరియాలు ఎక్కువెయ్యి, అట్లయితేనే నాకు ముద్ద దిగుతది" అని అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేసరికి నవనీత చేతిలో పోపు గరిటె ఉంది, తలలో ఒక కాకి ఉంది. ఎగరాలంటే భయపడే కాకి. సాయంత్రం నారాయణగూడలో తనకు సన్మానం చేసే సభలో బడిపిల్లలకు ఆ కథే చెప్పాలి. ఇరవై నిమిషాలు మీవే అక్కా అని నిర్వాహకుడు రాఘవేంద్ర మాటిచ్చాడు. మిరియాలు దంచుతూ కాకి గొంతు ఎలా పెట్టాలా అని ఆలోచించింది. పైకి అనబోయి ఆపుకుంది. పిచ్చి పట్టిందంటారు.

ఆమె కథలన్నీ ఇలాగే పుట్టాయి. కుక్కర్ కూతకీ కూతకీ మధ్య, అత్తమ్మ మధ్యాహ్నం కునుక్కీ కాలింగ్ బెల్‌కీ మధ్య. మొదటి పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు భర్త జగదీశ్వర్ అట్ట కూడా తిప్పలేదు. "అశోక్‌నగర్ల ఏ గల్లీల చూసినా పిల్లలు నౌకరీ కోసం కండ్లు పోయేటట్టు చదువుతుండ్రు. నువ్వేమో కుందేలు మాట్లాడిందని రాస్తవ్" అన్నాడు. ఇంటికొచ్చినవాళ్లు అడిగితే, "టైంపాస్‌కు ఏదో రాస్తదిలే" అని ఆమె ఎదుటే నవ్వేవాడు. ఆ నవ్వులో తనూ కలిసింది చాలా ఏళ్లు. కలవకపోతే ముఖం మాడ్చుకుందంటారని.

ఊరూరా పిల్లల రచయితల ఉత్సవాలు జరుగుతాయి. ఆమెనూ పిలుస్తారు. ఒకసారి అత్తమ్మ మోకాలు అడ్డమొచ్చింది, ఒకసారి ఆయన ట్రాన్స్‌ఫర్, మరోసారి ఏ కారణమూ దొరక్క "ఇప్పుడెందుకులే" అన్నాడు మహానుభావుడు. ఇప్పుడు కరీంనగర్‌లో మూడు రోజుల ఉత్సవం. రోజూ పిల్లలతో కూర్చుని కథలు అల్లడమే పని. అక్కడి విద్యావతి గారు రెండుసార్లు ఫోన్ చేసింది. ఈ సాయంత్రం సభకొస్తాను, అవునో కాదో అక్కడే చెప్పమంది. పొద్దున టిఫిన్ దగ్గర అడిగితే జగదీశ్వర్ "చూద్దాం" అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాం అంటే ఏమిటో నవనీతకు బాగా తెలుసు. అయినా ఈసారి ఆ ఊరికి వెళ్లాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

సభకు ఆయన వస్తాడని ఆమె అనుకోలేదు. కానీ రాఘవేంద్ర ఆమెను దాటి నేరుగా ఆయనకే ఫోన్ చేశాడు. "సన్మానమంటే దంపతులకే సార్ మా తాన. మీరు లేకుంటే ఎట్ల?" అన్నాడు. ఇంకేముంది, పట్టు చొక్కా బయటికొచ్చింది. ఇస్త్రీ చేసింది ఎవరో వేరే చెప్పాలా.

వేదిక మీద ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఒక శాలువా ఆమెకు, రెండోది ఆయనకు. ముఖ్య అతిథి అప్పటికే గంట తినేశాడు. ముందు వరసల్లో పిల్లలు కాళ్లు ఊపుకుంటూ ఆవలిస్తున్నారు. "నవనీత గారి వెనకున్న శక్తి జగదీశ్వర్ గారు, రెండు మాటలు మాట్లాడాలె" అని రాఘవేంద్ర మైకు ఆయన చేతికిచ్చాడు. ఆ రెండు మాటలు సాగాయి, సాగాయి. "నేనెన్నడు అడ్డు చెప్పలె. ఇంటి పని గురించి రంది పడకు, రాసుకో అన్న. నేను ప్రోత్సహించకుంటే ఈ కథలు యాడివి?" అన్నాడు. చప్పట్లు. ఆ మాట ఈయన ఏ రోజు అన్నాడా అని నవనీత తన కాపురమంతా వెతుక్కుంది. దొరకలేదు.

ఆయన అక్కడితో ఆగినా బాగుండేది. "కరీంనగర్ నుంచి విద్యావతి గారు వచ్చిండ్రు. మూడు రోజులు రమ్మంటుండ్రు. కానీ మా అమ్మకు ఈమె చేతి చారు లేనిదే ముద్ద దిగది. ఇల్లు ఇడిసి ఏడవోతది? ఈమెకే మనసొప్పది" అన్నాడు. హాలంతా ముచ్చటపడి నవ్వింది. విద్యావతి గారు మాత్రం తల దించుకుంది. అడగకుండానే నవనీత మనసు సంగతి కూడా ఈయనే చెప్పేశాడు, అదీ మైకులో.

రాఘవేంద్ర ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అక్కా, టైం అయిపోయింది. హాలు బంద్ చేస్తరట. రెండు నిమిషాల్ల ముగించుండ్రి."

ఆమె మైకు ముందుకొచ్చింది. ముందు వరసలో రెండు జడల పిల్ల నిటారుగా కూర్చుని, "కథ చెప్తరా మేడం?" అంది. ఆ ప్రశ్నకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇయ్యాల చెప్పలేకపోతున్న బిడ్డా. నా టైంల మా ఆయన మాట్లాడిండు. మీ బడికే వచ్చి చెప్త" అంది. గ్లాసెడు నీళ్లు తాగి, మూడో వరస వైపు చూసింది. "విద్యావతి గారూ, నేను కరీంనగర్ వస్తున్న. మూడు రోజులు ఉంట. మా అత్తమ్మకు చారు జగదీశ్వర్ గారు పెడతరు. నన్ను ప్రోత్సహించుడు ఆయనకు అలవాటేనని మీరందరు ఇప్పుడే విన్నరు గద."

ముందు విద్యావతి గారు లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత వెనక వరసల్లోని ఆడవాళ్లు. తర్వాత పిల్లలు, ఎందుకో తెలియకుండానే. ఇంతమంది కొడుతుంటే శాలువా కప్పుకుని కూర్చున్న జగదీశ్వర్‌కు కొట్టక తప్పలేదు.

ఇంటిదారిలో ఆయన స్కూటర్‌ను చిక్కడపల్లి దాకా విసురుగా తోలాడు. సిగ్నల్ దగ్గర ఆగాక, "నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్. అయినా నాకు చారు పెట్టుడు వస్తదా?" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

అలవాటు ప్రకారం క్షమించమనే మాట ఆమె నాలుక చివరికొచ్చింది. పద్దెనిమిదేళ్లుగా అది అక్కడే కాపురముంటోంది. నవనీత దాన్ని మింగేసి, ఒళ్లో ఉన్న రెండు శాలువాలను సర్దుకుంది.

"మిరియాలు జర ఎక్కువెయ్యండి" అంది. "అట్లయితేనే అత్తమ్మకు ముద్ద దిగుతది."