టీవీలో చేరిన గొంతు

సకల జనుల సమ్మెకు బస్సులు బందై, మరిపెడలో కండక్టర్ శామ్యూల్ ఇంటిపట్టునే ఉన్నాడు. పొద్దున చాయ్ మొదలు పడుకునేదాకా టీవీలో వార్తలే. ఢిల్లీలో ఎవరు ఎవరిని కలిశారో అన్నీ ఆయనకే కావాలి. చూసిన వార్తే మళ్లీ చూసేవాడు. వారం తిరిగేసరికి ఆయన గొంతు టీవీలోకి వెళ్లిపోయింది.

అతిగా చూసేవాళ్లకు ఆ రోజుల్లో అలాగే అయ్యేది. నోరు ఇక్కడ కదిలేది, మాట టీవీలోంచి వచ్చేది. పక్కింటి యాకయ్య వస్తే శామ్యూల్ వైపు చూడకుండా టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని, "ఏమన్నా, బస్సులెప్పుడు నడుస్తయంటవ్?" అని అడిగేవాడు.

"తెలంగాణ వచ్చినంక," అనేది టీవీ. యాకయ్య తలూపి వెళ్లేవాడు.

అప్పుడప్పుడే మాటలు వస్తున్న కూతురు కృప మాత్రం టీవీనే నాయినా అని పిలవడం మొదలుపెట్టింది. బువ్వ తెచ్చి దాని అద్దానికి పూసేది. శామ్యూల్ ఎత్తుకుంటే ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు ఏడ్చేది. ఆయన ప్రాణం ఉసూరుమనేది.

"ఎంత తక్కువ జూస్తే గొంతు అంత జల్ది మర్లొస్తది," అంది భార్య హరిత. "పొద్దుమీకి ఒక్కసారి వార్తలు జూడు. చాలు."

"నడుమల ఏమన్న ప్రకటన జేస్తే?" శామ్యూల్ మాట టీవీలోంచి వచ్చింది.

"జేస్తే వాడంత పటాకలు గాల్చరా? గది నీకు ఇనవడదా?"

ఒప్పుకున్నాడు కానీ, చేతులు ఊరుకుంటే కదా! హరిత దాచిన రిమోట్ కోసం బియ్యం డబ్బా దాకా వెతికాడు. దొరికాక కృప ముఖం చూసి మళ్లీ అక్కడే పెట్టేశాడు. కొన్నాళ్లకు దగ్గు టీవీలోంచి ఆయన గొంతుకు తిరిగొచ్చింది. తర్వాత ఆవులింత. మాట మాత్రం రాలేదు.

వంటావార్పు రోజు వాడంతా ఖమ్మం రోడ్డు మీద పొయ్యిలు పెట్టింది. కెమెరావాళ్లు వచ్చారనగానే, టీవీలో పడాలని అందరూ గరిటెలతో సహా అటు పరుగెత్తారు. హరిత నీళ్లకు వెళ్లింది. మరుగుతున్న ఎసరు గంజు దగ్గర ఎవరూ లేరు. కృప దాని వైపు చేతులు చాపుకుంటూ నడుస్తోంది.

అవతల కట్టెలు మోస్తున్న శామ్యూల్ చూశాడు. పరుగెత్తినా అందుకోలేడు. ఇంట్లో ఉన్న గొంతు రోడ్డు మీదికి వినబడదు. అయినా నోరు తెరిచాడు.

"బిడ్డా, ఆగు!"

బొంగురుగానే అయినా, మాట ఆయన గొంతులోంచే వచ్చింది.

కృప ఆగింది. టీవీ ఎక్కడుందా అని రోడ్డంతా చూసింది. శామ్యూల్ ఉరికొచ్చి ఎత్తుకుని, మళ్లీ "బిడ్డా" అన్నాడు.

ఈసారి కృప ఏడవలేదు. ఆయన నోట్లో వేళ్లు పెట్టి లోపలికి తొంగిచూసింది.

"నాయినా?" అంది.