గడియ లేని తలుపు

వీడికి ఈల కూడా సరిగ్గా రాదు, ముప్పై ఏళ్ళొచ్చాయి, ఒక్క పాట మొదలుపెడితే చివరిదాకా లాగలేడు, చరణం దగ్గరికి వచ్చేసరికి గాలి తుస్సుమంటుంది, మళ్ళీ మొదటికి, బతుకూ అంతేగా, అనుకుంటూ అక్క బాత్రూము తలుపు పక్కన గోడకానుకుని జడ అల్లుకుంటోంది, ఆఫీసు బస్సుకి టైమవుతోంది, అయినా కదలడానికి లేదు, ఈ ఇంట్లో అదొక చట్టం, మహారాజుగారు లోపలున్నంతసేపూ ఈల వేస్తుండాలి, ఈల ఆగితే తలుపు తోసెయ్యాలి, ఆ చట్టం చేసింది తనే, పోయిన వేసవిలో తమ్ముడు చేతికి గుచ్చుకున్న సూదితోనే, ఒళ్ళు నీలంగా, ఆ నేలమీద దొరికాడు, తలుపు పగలగొట్టాల్సొచ్చింది, కొత్త తలుపు పెట్టించి గడియ వద్దంది, గడియ లేని బాత్రూముకి చుట్టాలెవరొస్తారు, రావడం మానేశారు, అదొక్కటే వీడు చేసిన ఉపకారం.

అమ్మ కాపలా కాయొచ్చుగా అంటే ఎలా కాస్తుంది, ఆవిడ చెవి మిషన్ అమ్ముకు తిన్న ఘనుడు వీడేగా, తిన్నా బాగుండేది, నరాల్లోకి ఎక్కించుకున్నాడు, నాన్న వాచీ, తన గొలుసు, అన్నీ ఆ నరాల్లోకే పోయాయి, పళ్ళూడి దవడలు పీక్కుపోతే ఎదురింటి పిల్ల వీణ్ణి తాతా అంది, సిగ్గులేని జన్మ, నవ్వాడు, మానేశానక్కా, నీ మీదొట్టు, ఆహా, వీడి ఒట్లు పనిచేసుంటే తను ఈపాటికి ఎన్నిసార్లు పాడెక్కాలో, కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా, ఏమే, వేస్తున్నాడా, అని వంటింటి గుమ్మంలోంచి అమ్మ అరుపు, తనకి వినపడకపోతే ఎవరికీ వినపడదనుకుంటుంది పిచ్చిది, అక్క తలూపింది, బ్రహ్మాండంగా వేస్తున్నాడు, కచేరీ పెడదాం, ఛీ, ఆఫీసులోనూ చెవులకి ఇదే ఖర్మ, కంపెనీ పిల్లలు కస్టమర్లతో ఫోన్లలో మాట్లాడిన రికార్డింగులు రోజంతా వినడం, ఎవరి గొంతులో మర్యాద తగ్గిందో మార్కులెయ్యడం, ఇంటికొస్తే ఈ వెధవ ఈల.

ఇదిగో, తప్పాడు, అక్కడే, చిన్న దగ్గు, మళ్ళీ పల్లవి, బస్సు పోయినట్టే, మళ్ళీ తప్పాడు, మళ్ళీ దగ్గు, అదే దగ్గు, అంతే పొడుగు, జడ అల్లే వేళ్ళు ఆగాయి, మనిషి ఒకేచోట తప్పొచ్చు గానీ ఒకేలా దగ్గడు, ఆ సంగతి తనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు, అంతలో లోపల్నుంచి ఓ ఆడగొంతు, ఒరేయ్, చచ్చావా, బతికే ఉన్నావా, నీ మొహం మండ, అంది, ఆ గొంతు తనది, తన నోరు మూసుకునే ఉంది.

అది నిన్న పొద్దున ఇక్కడే నిలబడి అరిచిన మాట, ఈలతోబాటు దాన్నీ పట్టి దాచుకున్నాడు దొంగవెధవ, తన తిట్టునే తనకి కాపలా పెట్టాడు, తలుపు తోస్తే బట్టలతోనే గోడకి జారబడి ఉన్నాడు, పెదవులు నీలం, సబ్బులు పెట్టే అరలో ఫోను ఈల వేస్తోంది, తన ఫోనులో అంబులెన్సువాళ్ళకి అడ్రసు చెప్తుంటే గొంతు తనది కానట్టుంది, వాడి తల ఒళ్ళోకి లాక్కుంది, ఎంత తేలికైపోయాడు, ముక్కుకి చెవి ఆనించింది, ఈల మోతలో ఏమీ తెలియడం లేదు, ఏమే, వేస్తున్నాడా, అని అమ్మ, ఈసారి తలూపలేదు, దగ్గు, పల్లవి, మళ్ళీ ఆ ఆడగొంతు, ఎంత మర్యాదలేని గొంతు, ఆఫీసులో అయితే సున్నా వేసేది, చచ్చావా, బతికే ఉన్నావా, అని అడుగుతోంది, రోజూ అడిగింది, అడిగి జవాబుకోసం ఆగకుండా బస్సుకి పరిగెత్తింది, తిడుతున్నాననే అనుకుంది, ఈ లోకంలో తను తెలుసుకోవాలనుకున్నది ఆ ఒక్క ముక్కేనని ఇప్పుడు తెలిసింది, చచ్చావా, బతికే ఉన్నావా, చెప్పరా.